మట్టి మాత్రం ఓడెక్కదు

‘‘ఇదేం బండో చెప్పండి మామయ్యా’’ అన్నాడు మా మేనల్లుడు, యొకొహామా శివార్లలోని యార్డు గేటు దాటగానే.

‘‘ప్రొక్లెయినర్’’ అన్నాను.

‘‘ఇక్కడ ‘యుంబో’ అంటారు’’ అని నవ్వాడు.

తమాషా ఏమిటంటే ఈ రెండు పేర్లూ ఫ్రాన్సు నుంచి వచ్చినవే. పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు మన నోళ్లలో పడి ప్రొక్లెయినర్ అయింది. 1961లో మిత్సుబిషి సంస్థ మరో ఫ్రెంచి కంపెనీ నమూనాతో తయారుచేసిన యంత్రం పేరు జపాన్ వాళ్ల వాడుకలో నిలిచిపోయింది. తవ్వే బండి ఎక్కడికి వెళ్లినా ఏదో ఒక పరాయి పేరు వెంటేసుకునే వెళ్తుందేమో.

మావాడు ఎగుమతి కాగితాలు చూసే ఉద్యోగంలో ఉన్నాడు. నేను చూడ్డానికి వెళ్లిన రోజున యార్డులో యాభైకి పైగా బండ్లు బకెట్లు నేలకు ఆనించి వరసగా నిలబడి ఉన్నాయి. పసుపుపచ్చ కొమాట్సులు, నారింజ రంగు హిటాచీలు, నీలం ఆకుపచ్చ కలిసిన కొబెల్కోలు. కొబెల్కోని చూడగానే పాత పరిచయం పలకరించినట్టయింది. మన శ్రీసిటీలో వీళ్ల కర్మాగారం ఉంది మరి.

వీటిలో చాలావరకు అద్దె కంపెనీల దగ్గర తిరిగి వచ్చినవేనని తెలిసి నాకు ఉత్సాహం కాస్త తగ్గింది. చిన్నప్పుడు గంటకింతని అద్దె సైకిలు తీసుకుంటే, గంట నిండేలోపు దాని ప్రాణం తీసేవాళ్లం. చైను ఊడితే ఎక్కించుకోవడమే గానీ చుక్క నూనె వేసిన పాపాన పోలేదు. అద్దె వస్తువంటే నాకు అదే గుర్తు.

నా మొహం చూసి యార్డు మేస్త్రీకి సంగతి అర్థమైనట్టుంది. అరవై దాటిన మనిషి. ఒక బండి దగ్గరికి తీసుకెళ్లి, దాని ఒంటికి అంటించిన చిన్న స్టిక్కరు చూపించాడు. నెల, సంవత్సరం ఉన్నాయి. జపాన్‌లో 1972 నాటి కార్మిక భద్రతా చట్టం కింద ఇలాంటి యంత్రాలకు ఏటా తనిఖీ తప్పనిసరి. అర్హత ఉన్నవాళ్లే చేయాలి, రికార్డు మూడేళ్లు దాచాలి. అద్దె కంపెనీ అయితే అంతటితో ఆగదు, బండి పని ముగించుకుని వచ్చిన ప్రతిసారీ కడిగి, చూసి, రాసి పెట్టుకుంటుంది. మేస్త్రీ మాటను మావాడు తెలుగులో చెప్పాడు: ‘‘సొంత బండి కష్టాలు దాని యజమానికే తెలుసు. అద్దె బండి కష్టాలు కాగితం మీద ఉంటాయి.’’

‘‘ఇది ఎన్నేళ్ల పాతది?’’ అని అడిగాను.

‘‘ఏళ్లు కాదు మామయ్యా, గంటలు అడగాలి.’’

మీటరులో నాలుగు వేల చిల్లర ఉంది. ఒకప్పుడు ఆ అంకెను వెనక్కి తిప్పేవాళ్లకు కొదవలేదు. ఇప్పుడది అంత సులువు కాదు. కొమాట్సు సంస్థ 2001 నుంచి జపాన్‌లో తన బండ్లకు ఉపగ్రహంతో ఆచూకీ తెలిపే పరికరాన్ని అమర్చి ఇస్తోంది. దాని వెనక ఓ దొంగల కథ ఉంది. 1990ల చివర్లో బండ్లను ఎత్తుకెళ్లి, వాటితో ఏటీఎంలను పెకలించేవారట. దొంగల కోసం పెట్టిన పరికరమే తర్వాత ఎక్కడ, ఎన్ని గంటలు పనిచేసిందీ చెప్పే సాక్షి అయింది.

అయినా మేస్త్రీ మీటరును పూర్తిగా నమ్మడు. తాళం తిప్పే ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను తన రోగం దాచుకుంటుందట. స్టార్టు చేసి పొగ రంగు చూశాడు. బకెట్‌ను జానెడు పైకి లేపి అటూ ఇటూ ఊపించి, పిన్నుకూ బుష్‌కూ మధ్య సందును వేలితో తడిమాడు. చైన్‌ను తిప్పే పళ్లచక్రం దగ్గర కూర్చుని ఒక్కో పన్నూ పరీక్షించాడు. అరిగితే ఆ పళ్లు కొడవలి మొనల్లా సూదిగా తేలతాయి. చివరగా బూమ్ మీద టార్చి వేశాడు. ఒకచోట మాత్రమే కొత్త రంగు మెరిస్తే దాని కింద అతుకు ఉన్నట్టే లెక్క.

బాగా కొత్త బండ్లకు గిరాకీ ఎక్కువనుకున్నాను. తీరా చూస్తే కొన్ని దేశాలవాళ్లు పాతవే కావాలంటారు. కొత్త ఇంజన్ల పొగ దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. గంధకం ఎక్కువున్న డీజిల్ పోస్తే అది పాడవుతుంది. జపాన్ డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించదు. మనం బీఎస్-6తో 2020 ఏప్రిల్‌లో ఆ స్థాయికి చేరాం. ఇంకా చేరని చోట్ల ఆ జల్లెడ లేని పాత బండే మేలు.

మినీ బండ్లు కంటెయినర్లలో సర్దుకుపోతాయి. 20 టన్నుల బండి వెడల్పు 2.8 మీటర్లు, కంటెయినర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లు. అందుకని పెద్దవాటిని నడుపుకుంటూ నేరుగా ఓడ కడుపులోకి ఎక్కిస్తారు. ఇనుప చైన్లు డెక్‌ను గీరకుండా కింద పలకలో చాపలో పరుస్తారు.

అయితే ఓడ దాకా వెళ్లాలంటే ముందు స్నానాల రేవు దాటాలి. ఆ రోజు కడుగుతున్న బండి ఆక్లండ్ వెళ్లాల్సింది. ఆపరేటర్ బూమ్‌ను నేలకు అదిమి బండిని ఒక పక్కకు లేపాడు. గాల్లో వేలాడుతున్న చైన్‌ను తిప్పుతుంటే పలకల సందుల్లోంచి గట్టిపడిన మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కున్న కుర్రాడు ఆ సందుల్లోకే నీటి ధార కొడుతున్నాడు. మట్టితో పాటు విత్తనాలు, గుడ్లు, తెగుళ్లు సముద్రాలు దాటతాయి. అందుకే వాడిన యంత్రాల రవాణాకు 2017లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. న్యూజిలాండ్‌వాళ్లు ఇంకా గట్టివాళ్లు. 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి వాహనాలతో వెళ్లిన ఓడల్లో కంపు పురుగులు కనబడితే, సరుకు దించనివ్వకుండా ఓడలనే తిప్పి పంపారు.

కడగడం అయింది. బండి ఆరింది. ట్రైలర్ వచ్చి గేటు దగ్గర నిలబడింది. మేస్త్రీ మోకాళ్ల మీద వంగి, టార్చితో కింది పలక లోపలికి చూసి, స్క్రూడ్రైవర్‌తో ఏదో లాగాడు. వేలెడు ఎండుగడ్డి పోచ. ఏమీ అనలేదు. స్నానాల రేవు వైపు చెయ్యి చూపించాడంతే.

‘‘ఇప్పుడీ బండి ఎవరిదిరా?’’ అని మెల్లగా అడిగాను.

‘‘అద్దె కంపెనీ అమ్మేసింది. కొన్నాయన ఇంకా కళ్లతో చూడలేదు. ప్రస్తుతానికి దారిలో ఉంది మామయ్యా.’’

బండి వెనక్కి తిరిగింది. కుర్రాడు గొణుక్కోకుండా మళ్లీ బూట్లు తొడుక్కుని పైపు అందుకున్నాడు.