మూడు ఏటీఎం కార్డుల సందు

అకౌస్టిక్ గిటారులో నాదం వేరు, వాటం వేరు. నాదం చాలావరకు చెక్కను బట్టి వస్తుంది, మంచి చెక్కకు డబ్బు పెట్టక తప్పదు. వాటం మాత్రం కొలతల పని. తీగకూ మెట్టుకూ (ఫ్రెట్‌కూ) మధ్య సందు ఎంత, నెక్ ఎంత వంగింది, తీగ కూర్చునే గాడి ఎంత లోతు అన్నవి సరిగ్గా ఉంటే, ఎనిమిది వేల గిటారు వేళ్లకు యాభై వేల గిటారంత హాయిగా ఉంటుంది. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో చర్చి పాటల కోసమో, కాలేజీ వార్షికోత్సవం కోసమో, ఇళయరాజా బాణీ ఒక్కటైనా సొంతంగా పలికించాలన్న ఆశతోనో గిటారు కొనేవారికి ఈ తేడా ముందే తెలియడం మంచిది. మొదటి గిటారును మూడు నెలల్లో అటకెక్కించేవారిలో చాలామందిని ఓడించేది సంగీతం కాదు, వేళ్ల నొప్పి.

ఖరీదైన గిటారుకు ముందు పలకను ఒకే చెక్కతో, ఎక్కువగా స్ప్రూస్‌తో చేస్తారు. వెనక, పక్కలు జిట్రేగి (ఇండియన్ రోజ్‌వుడ్) చెక్కవైతే ధర ఇంకా పెరుగుతుంది. ఉత్తర తెలంగాణ అడవుల్లోనూ పెరిగే ఈ చెట్టుకు గిటారు లోకంలో పెద్ద పేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక, అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో భారతదేశపు జిట్రేగికి మారింది. చవక గిటార్లలో ఆ వైభవం ఉండదు. వాటి పలకలు పొరలు అతికించిన ప్లైవుడ్. ప్లైవుడ్ అనగానే పెదవి విరిచేవారు ఉన్నారు కానీ, యమహా 1966లో మొదలుపెట్టిన ఎఫ్‌జీ గిటార్లు ప్లైవుడ్‌వే. 1969లో అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద గాయకుడు కంట్రీ జో మెక్‌డొనాల్డ్ లక్షల మంది ముందు వాయించింది ఆ గిటార్లలోని ఎఫ్‌జీ-150నే, అదీ అరువు తెచ్చుకున్నది. ఒకే చెక్క పలకలాగా ప్లైవుడ్ నాదం ఏళ్లు గడిచేకొద్దీ విచ్చుకోదు, గది నిండా మోగదు. ఇంట్లో సాధనకు, మైకు ముందు పాటకు మాత్రం సరిపోతుంది.

పైగా ఈ ప్రాంతపు వాతావరణానికి ప్లైవుడ్డే మేలు. మేలో కామారెడ్డి జిల్లాలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మధ్యాహ్నపు గాలిలో తేమ 30 శాతం లోపుకు పడిపోతుంది. శ్రావణం వచ్చేసరికి అదే గాలి తేమతో బరువెక్కుతుంది. గిటారు చెక్కకు నప్పేది 45 నుంచి 55 శాతం తేమ. తేమ తగ్గితే ఒకే చెక్క పలక కుంచించుకుపోయి పగులుతుంది, పెరిగితే ఉబ్బి తీగలను పైకి లేపుతుంది. పొరలను అడ్డంగా, నిలువుగా మార్చి అతికించడం వల్ల ప్లైవుడ్ అంత తేలిగ్గా కదలదు. కూలరు సంగతి మరీ చిత్రం. రాత్రంతా గదిని చెమ్మతో నింపుతుంది, పగలు ఆపేయగానే గది ఎండిపోతుంది. కూలరు గాలి తగిలేచోట గోడకు వేలాడే గిటారు రోజుకొకసారి రుతువు మారినట్టు అవస్థపడుతుంది. వాయించనప్పుడు దాన్ని సంచిలో పెట్టి, బయటి గోడకు దూరంగా ఉంచాలి. ఎండలో ఆపిన కారులో ఉంచితే మాత్రం ఏ గిటారూ బతకదు, పలక మీద తీగలు కట్టి ఉండే బ్రిడ్జిని పట్టి ఉంచే జిగురే మెత్తబడుతుంది.

ఇక కొలతలు. దుకాణంలో ముందుగా చేయాల్సింది శ్రుతి చేయించడం, ఎందుకంటే వదులు తీగల మీద ఏ కొలతా నిజం చెప్పదు. తర్వాత 12వ మెట్టు దగ్గర అన్నిటికన్నా లావు తీగ కింద ఏటీఎం కార్డులు పెట్టి చూడాలి. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, కాబట్టి మూడు కలిపితే దాదాపు 2.3. తీగను కదిలించకుండా మూడు కార్డులు పడితే బాగున్నట్టే. అయిదు పడితే ఆ గిటారును ఉన్నది ఉన్నట్టుగా కొనకూడదు. సన్న తీగ కింద రెండు, మహా అయితే రెండున్నర కార్డుల సందు చాలు.

సందు ఎక్కువైతే కారణం మూడింటిలో ఒకటి. మొదటిది నెక్ వంపు. లావు తీగను మొదటి మెట్టు దగ్గరా, నెక్ బుర్రతో కలిసే 14వ మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కితే, మధ్యలో తీగకూ మెట్టుకూ మందపాటి కాగితమంత ఎడం కనిపించాలి. అంతకన్నా ఎక్కువైతే నెక్ లోపలి ఇనుప రాడ్‌ను తిప్పి సరిచేయవచ్చు. మరీ చవక రకాల్లో తిప్పే రాడ్ ఉండదు, వాటిని వదిలేయడమే నయం. రెండోది బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ, అంటే సాడిల్ ఎత్తు. 12వ మెట్టు తీగ పొడవుకు సరిగ్గా నడిమధ్యన ఉంటుంది కనుక అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్‌ను రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. చదునైన గాజు మీద గరుకు కాగితం పరిచి సాడిల్ అడుగును నిటారుగా రుద్దితే చాలు, నిలకడైన చేయి ఉన్న వడ్రంగి ఎవరైనా చేయగల పని. మూడోది నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ, అంటే నట్‌లోని గాడి. రెండో, మూడో మెట్ల మధ్య తీగను నొక్కినప్పుడు మొదటి మెట్టు మీద పలుచని కాగితమంత సందే ఉండాలి. ఎఫ్ స్వరగుచ్ఛం (కార్డ్) పట్టలేక నేర్చుకునేవాళ్లు తమ వేళ్లను తిట్టుకుంటుంటారు గానీ, చాలాసార్లు తప్పు ఈ గాడిదే. దీన్ని మాత్రం సన్న ఆకురాళ్లున్న గిటారు మేస్త్రీకే అప్పగించాలి, ఎక్కువ కోస్తే తీగ మెట్టుకు తగిలి గరగరమంటుంది.

చివరగా శ్రుతి పరీక్ష. 12వ మెట్టు మీద తీగను తేలిగ్గా తాకి మీటినప్పుడు వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరమూ ఫోన్‌లోని ట్యూనర్‌లో ఒకేలా కనిపించాలి. సందు సరైనదై ఉండి కూడా తేడా బాగా ఉంటే మెట్ల అమరికలోనో బ్రిడ్జి స్థానంలోనో లోపం ఉన్నట్టు. అది తేలిగ్గా బాగుపడే జబ్బు కాదు. నెక్ అంచు వెంట అరచేయి జరిపితే మెట్ల కొసలు గుచ్చుకుంటున్నాయా లేదా కూడా తెలుస్తుంది. వేసవిలో చెక్క కుంచించుకుని ఇవి బయటికి పొడుచుకొస్తాయి, సన్న ఆకురాయితో పోతాయి.

ఈ పరీక్షలన్నీ చేస్తూ చాలా గిటార్లను చేత్తో పట్టి చూసి ఎంచుకోవాలంటే హైదరాబాద్ వెళ్లడమే దారి. ఎల్లారెడ్డికి రైలు లేదు, లింగంపేట మీదుగా బస్సులో కామారెడ్డి చేరాలి. అక్కడి నుంచి సికింద్రాబాద్ 110 కిలోమీటర్ల లోపే. ఆన్‌లైన్‌లో మూడు వేల లోపు దొరికే 38 అంగుళాల గిటార్లలో పనికొచ్చేవి లేకపోలేదు, కాకపోతే ఏది తగులుతుందో అదృష్టం. కోల్‌కతాలో తయారయ్యే గివ్‌సన్, హాబ్నర్ గిటార్లు ఒకదానికీ ఇంకొకదానికీ పోలిక లేకుండా ఉండవచ్చు గనుక చూసి కొనాలి. పది వేలకు అటూ ఇటూ ఉండే యమహా ఎఫ్280, ఎఫ్310 అలంకారం లేని గిటార్లు, చూపులకు సాదాసీదా. కానీ ఏ పెట్టె విప్పినా కొలతలు దాదాపు ఒకేలా ఉండటమే వాటి గొప్ప. ఈ ధరలో ఇంత నమ్మకం అరుదు.

సగం ధరకు వచ్చే పాత గిటారును చూసేటప్పుడు బ్రిడ్జి వెనక భాగంలోకి కాగితం దూరుతుందో లేదో చూడాలి. దూరితే బ్రిడ్జి లేస్తున్నట్టే. మామూలు 12 సైజు తీగలు ఆరూ కలిసి 70 కిలోలకు పైగా బలంతో దాన్ని లాగుతుంటాయి మరి. కొత్తదైనా పాతదైనా కొన్న రోజే దాని తీగలు తీసేసి 11 లేదా 10 సైజువి వేయిస్తే లాగుడూ తగ్గుతుంది, వేళ్లకూ తెరిపి. సన్న తీగలతో నెక్ కాస్త వెనక్కి జరుగుతుంది కాబట్టి, రాడ్‌నూ సాడిల్‌నూ ఆ తర్వాతే ముట్టుకోవాలి.