క్రోటన్ అలక

కడియం నర్సరీలో ఎరుపు, పసుపు చారలతో మెరిసిన క్రోటన్ హైదరాబాద్ ఫ్లాట్‌కి రాగానే ఆకులు రాల్చేస్తుంటుంది. కొన్నవాళ్లు కంగారుపడి ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. అసలు చిక్కు అక్కడే.

ఇండోనేషియా, మలేషియా, పసిఫిక్ దీవుల పొద ఇది. వెచ్చదనానికీ గాలిలో తేమకీ అలవాటుపడింది. చోటు మారినా, ఏసీ గాలి సూటిగా తగిలినా అలుగుతుంది. గోటితో గీరితే కాండం లోపల పచ్చగా ఉందా? బతికే ఉంది, చిగురిస్తుంది. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు.

రంగులకి మాత్రం వెలుతురే ఆధారం. సోఫా పక్క చీకటి మూలలో కొత్త ఆకులు ఉత్త పచ్చగా వస్తాయి. రంగు చూసి కొని చీకట్లో పెట్టడం ఏం ముచ్చటో! తూర్పు కిటికీ మేలు. ఆకుల్ని తడిగుడ్డతో తుడుస్తుంటే ఎర్రనల్లి కూడా తగ్గుతుంది.

కొమ్మ తుంచితే కారే రసం కొందరి చర్మానికి పడదు, నోట్లోకి వెళ్తే ఇంకా చేటు. పాకే పిల్లలున్న ఇంట్లో కుండీని అందనంత ఎత్తులో పెట్టండి.