అందరికీ ఒకే ముక్క

ఈసారి ఒక కేకు కబురు చెబుతాను, వినండి. మీరు అమెరికాలో ఉండేవారైతే ఎక్కడో ఒకచోట తినే ఉంటారు. పేరు గుర్తుండకపోవచ్చు. నడుమ కన్నం, చుట్టూ గాళ్లు ఉన్న పెద్ద చాక్లెట్ కేకు అది. పైనుంచి చూస్తే విశేషమేమీ కనబడదు. కత్తి పెట్టి ముక్క కోశారో, లోపల చుట్టూ ఒక సొరంగం, ఆ సొరంగం నిండా మెత్తటి, చిక్కటి చాక్లెట్ ముద్ద. పేరు కూడా అదే: టనెల్ ఆఫ్ ఫడ్జ్. మామూలుగా ఇందులో రెండు కప్పుల వాల్‌నట్లు వేస్తారు. అవి లేకుండా దీన్ని ఎలా చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అన్నదే ఇవాళ్టి మన ముచ్చట.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి. అమెరికాలో పిల్స్‌బరీ అనే పిండి కంపెనీ 1949 నుంచి 'బేకాఫ్' అని వంటల పోటీ పెడుతూ వచ్చింది. ఇంట్లో వంట చేసుకునేవాళ్లు సొంత వంటకంతో వచ్చి అందరి ముందూ చేసి చూపించేవారు. 1966లో హ్యూస్టన్ నుంచి ఎల్లా హెల్‌ఫ్రిచ్ అనే గృహిణి ఈ కేకుతో పోటీకి వెళ్లింది. ఆమెకు వచ్చింది రెండో బహుమతి, 5,000 డాలర్లు. మొదటి బహుమతి 'గోల్డెన్ గేట్ స్నాక్ బ్రెడ్' అనే రొట్టెకు వెళ్లింది. ఆ రొట్టె పేరు ఇప్పుడు ఎవరినడిగినా చెప్పలేరు. రెండో బహుమతి కేకు మాత్రం దేశమంతా పాకిపోయింది.

దాంతోపాటు ఆ పాత్ర దశ కూడా తిరిగింది. కన్నం ఉన్న ఆ పాత్రను బండ్ట్ పాన్ అంటారు. మినియాపొలిస్‌లో హడాసా అనే యూదు మహిళల సంఘం ఉండేది. అందులోని ఆడవాళ్లు, యూరప్‌లో తమ పెద్దవాళ్లు కేకు చేసుకునే బరువైన పాత పాత్రలాంటిది తేలిగ్గా చేసిపెట్టమని నార్డిక్‌వేర్ కంపెనీ పెట్టిన డేవిడ్ డాల్‌క్విస్ట్‌ను అడిగారు. ఆయన 1950 ప్రాంతంలో దాన్ని అల్యూమినియంతో పోతపోసి ఇచ్చాడు. పదిహేనేళ్లపాటు అది అంతంతమాత్రంగానే అమ్ముడుపోయింది. హెల్‌ఫ్రిచ్ కేకు గెలిచాక, ఆ పాత్ర ఎక్కడ దొరుకుతుందని పిల్స్‌బరీకి రెండు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయట. ఇవాళ అమెరికాలో బేకింగ్ చేసే చాలా ఇళ్లలో బండ్ట్ పాన్ కనబడుతుంది.

ఇక అసలు సంగతికొద్దాం. ఆ సొరంగం ఎలా వస్తుంది? మన పూర్ణం బూరెలో పూర్ణం వేరు, తోపు వేరు. రెండూ విడివిడిగా చేసి ఒకదాన్ని మరోదాంట్లో ముంచుతాం. ఈ కేకులో అలా కాదు. ఒకటే పిండి. పాత్రలో పోసేటప్పుడు అంతా ఒకటే. ఓవెన్‌లోకి వెళ్లాకే రెండుగా విడిపోతుంది. గోడలకు, నడిమి గొట్టానికి ఆనుకున్న పిండి ముందు ఉడికి కేకవుతుంది. ఆ రెంటికీ మధ్యన ఉన్నది గట్టిపడకుండా ముద్దగా మిగులుతుంది.

ఎందుకలా మిగులుతుందంటే, ఇందులో మైదా కంటే పంచదార, వెన్న చాలా ఎక్కువ. పంచదార నీటిని పట్టి ఉంచుతుంది. మైదాలోని గంజి ఉడకడానికి, గుడ్డు గట్టిపడడానికి మామూలు కంటే ఎక్కువ వేడి కావలసి వస్తుంది. అన్నిటికంటే ఆఖర్న వేడెక్కే చోటుకి ఆ వేడి అందేలోపే మనం కేకు బయటికి తీసేస్తాం. హెల్‌ఫ్రిచ్ మొదట చేసినప్పుడు పిల్స్‌బరీవారి పొడి ఫ్రాస్టింగ్ మిశ్రమం ఒక ప్యాకెట్ వేసేది. ఆ ప్యాకెట్ బజారులో దొరకడం మానేశాక, కంపెనీవాళ్లే దాని బదులు పొడి చక్కెర, కోకో పొడి పెట్టి కొలతలు తిరగరాశారు. ఇప్పుడు అందరూ చేసేది ఆ పద్ధతే.

పిల్స్‌బరీవారి ఆ కొలతల కాగితం మీద ఒక హెచ్చరిక ఉంటుంది: ఈ కేకు కుదరాలంటే నట్స్ తప్పనిసరి అని. చాలామంది దాన్ని రుచి కోసం రాసిన మాట అనుకుంటారు. వాల్‌నట్లు తీసేసి, మిగతాదంతా కొలత ప్రకారం వేసి కాలుస్తారు. కేకు పాత్రలోంచి తిరగేయగానే గోడలు కూలి, పక్కలనుంచి ముద్ద కారిపోతుంది. ఇంత చక్కెర, ఇంత వెన్న ఉన్న పిండికి సొంత బలం తక్కువ. ఆ రెండు కప్పుల పలుకులే గోడలను నిలబెడతాయి. కాబట్టి నట్స్ వద్దనుకుంటే ఊరికే తీసేస్తే సరిపోదు, వాటి చోటు మరొకదానితో నింపాలి. ఈ వంటకమంతటిలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

'ఇంత అవస్థ ఎందుకు, వాల్‌నట్లు వేసే చేసుకోవచ్చుగా' అంటారేమో. మీ ఇంట్లోవాళ్లకే అయితే హాయిగా వేసుకోండి. నలుగురిని పిలిచినప్పుడే వస్తుంది చిక్కు. ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల పుట్టినరోజుకో, పండగ పాట్‌లక్‌కో వెళ్తే బల్ల మీద చూడండి. పాయసంలో జీడిపప్పు, రవ్వలడ్డులో జీడిపప్పు, బర్ఫీ మీద బాదం, పులిహోరలో పల్లీలు. ప్రేమకొద్దీ వేసేవే అన్నీ. ఆ బల్ల చివర ఏడేళ్ల పిల్లవాడొకడు ప్లేటు పట్టుకుని నిలబడి, "ఆంటీ, ఇందులో నట్స్ ఉన్నాయా?" అని ఒక్కో గిన్నె దగ్గరా అడుగుతుంటాడు. చివరికి వాళ్లమ్మ, "వాడికి నేను ఇంటినుంచి తెచ్చానులెండి" అని సంచీలోంచి ఒక డబ్బా తీస్తుంది. మిగతా పిల్లలంతా కేకు చుట్టూ చేరితే, వాడు పక్కన కూర్చుని ఆ డబ్బాలో ఉన్న కప్‌కేకు తింటాడు. వాడు ఏడవడు, అలవాటైపోయింది. నాకు మాత్రం అది చూడడం ఇష్టం ఉండదు. అందుకే మా ఇంట్లో పదిమంది కోసం చేసే కేకులో నట్స్ ఉండవు. వాడికి వేరే ముక్క కాదు, అందరికీ ఒకే ముక్క.

మరి వాల్‌నట్ల చోటు దేనితో నింపాలి? నేను ఒక కప్పు రోల్డ్ ఓట్స్, ఒక కప్పు పొట్టు తీసిన గుమ్మడి గింజలు వాడతాను. రెండింటినీ విడివిడిగా సన్నసెగ మీద పొడి మూకుడులో వేయిస్తాను. ఓట్స్ కమ్మటి వాసన వచ్చి అంచులు ఎర్రబడే దాకా, గింజలు చిటపటమని ఉబ్బే దాకా. వేయించడం మానకండి. పచ్చి ఓట్స్ వేస్తే తడిని లాగేసి కేకులో జిగురుగా ఉండిపోతాయి. చల్లారాక చెక్క మీద పోసి కత్తితో కచ్చాపచ్చాగా తరగండి. పలుకు కందిగింజంత ఉంటే చాలు. గింజలు కూడా పడని పిల్లలుంటే మొత్తం రెండు కప్పులూ ఓట్సే వేసుకోవచ్చు.

తరగడానికి మిక్సీ వద్దంటున్నానంటే కారణం ఉంది. మన మిక్సీ జారులో నిన్ననో మొన్ననో పల్లీల పొడి కొట్టి ఉంటాం. ఎంత కడిగినా మూత రబ్బరు కింద, బ్లేడు అడుగున పొడి పట్టుకుని ఉంటుంది. రబ్బరు ఊడదీసి చూడండి, మీకే తెలుస్తుంది. అలర్జీ ఉన్న పిల్లకు అంతమాత్రం కూడా ప్రమాదమే. బండ్ట్ పాన్ గాళ్లలో కూడా పాత కేకు తాలూకు వాల్‌నట్ తునకలు ఇరుక్కుంటాయి. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో ఒక్కో గాడీ తోమాలి.

ఇంకొకటి, ప్యాకెట్ల వెనక చదవండి. అమెరికాలో 2004లో చేసిన చట్టం ప్రకారం పల్లీలు, ట్రీ నట్స్ సహా ఎనిమిది ముఖ్యమైన అలర్జీ పదార్థాలు సరుకులో కలిపితే ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదోది. అయితే 'నట్స్ ఆనవాళ్లు ఉండవచ్చు' అని రాసే మాట కంపెనీల ఇష్టం, చట్టం అడగదు. ఆ మాట లేనంత మాత్రాన నట్స్ తగలలేదని కాదు. చాక్లెట్, ఓట్స్, గింజలు చాలాసార్లు నట్స్ నడిచే యంత్రాల మీదే ప్యాక్ అవుతాయి. కనుక నట్స్ లేని చోట తయారైందని స్పష్టంగా రాసిన బ్రాండే కొనండి. పల్లీలు పడనివారికి వాల్‌నట్లు పడవచ్చు, వాల్‌నట్లు పడనివారికి పల్లీలు పడవచ్చు. కొందరికి రెండూ పడవు. మన ఊహమీద తేల్చకూడదు, వాళ్లమ్మను అడగాలి.

ఇప్పుడు కొలతలు రాసుకోండి. ఉప్పులేని వెన్న 400 గ్రాములు, పంచదార 350 గ్రాములు, పెద్ద గుడ్లు 6, పొడి చక్కెర 2 కప్పులు (240 గ్రాములు), మైదా 280 గ్రాములు, కోకో పొడి 65 గ్రాములు, వేయించి తరిగిన ఓట్స్, గుమ్మడి గింజలు కలిపి 2 కప్పులు. చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడరు, సోడా ఏవీ లేవు, మరిచిపోయి రాయలేదనుకోకండి. ఈ కేకు పొంగేది మనం గిలకొట్టి ఎక్కించే గాలితోనే. అందుకే వెన్న, గుడ్లు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి పెట్టుకోవాలి. వేలితో నొక్కితే వెన్న దిగాలి, కరిగి జారకూడదు.

వెన్న, పంచదార కలిపి తెల్లబడి నురుగులా తేలికయ్యేదాకా గిలకొట్టండి. గుడ్లు ఒక్కొక్కటే వేసి, వేసిన ప్రతిసారీ బాగా కలిసేదాకా ఆగండి. తర్వాత పొడి చక్కెర కొంచెం కొంచెంగా. ఇక మిక్సర్ పక్కన పెట్టి, మైదా, కోకో, ఉప్పు, తరిగిన పలుకులు గరిటెతోనే కలపండి. పిండి చాలా చిక్కగా ఉంటుంది. నీళ్లో పాలో పోద్దామనిపిస్తుంది, పోయకండి. 12 కప్పులు పట్టే బండ్ట్ పాన్‌కు మూల మూలకీ వెన్న రాసి, మైదా బదులు కోకో చల్లండి. కేకు మీద తెల్ల మరకలు పడవు. పిండి నింపి పైన చదును చెయ్యండి.

ఓవెన్ ముందే 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 175 సెల్సియస్‌కు వేడెక్కి ఉండాలి. 45 నుంచి 50 నిమిషాలు కాల్చాలి. పుల్ల గుచ్చి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. లోపల ముద్ద ఉండాల్సిందే కాబట్టి పుల్లకు ఎప్పుడూ అంటుకుంటుంది. పై పొర గట్టిపడి మెరుపు తగ్గడం, అంచులు పాత్ర నుంచి విడివడడం, ఇవే గుర్తులు. ఓవెన్ డయల్ చూపే వేడి, లోపలి వేడి ఒకటి కాకపోవడం మామూలే. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ముద్ద ఇంకా ఎక్కువ కావాలని టైము తగ్గించకండి, అందులో పచ్చి గుడ్డు, పచ్చి మైదా ఉన్నాయి. వంటింటి థర్మామీటర్ మధ్య మందానికి గుచ్చితే 71 సెల్సియస్ దాటి ఉండాలి. గుడ్డు వేసిన వంటకాలకు అమెరికా ప్రభుత్వం చెప్పే హద్దు అది. ఇంత పంచదార ఉన్న పిండి ఆ వేడి దాటినా ముద్దగానే ఉంటుంది, కంగారేమీ లేదు.

ఇక మిగిలింది ఓపిక. పాత్రలోనే గంటన్నర చల్లారనివ్వండి. తర్వాత పళ్లెం బోర్లించి తిరగేయండి. ఆపైన ఇంకో రెండు గంటలు ముట్టుకోకండి. వేడిమీద కోస్తే సొరంగం కారిపోతుంది. చల్లారేకొద్దీ వెన్న గడ్డకట్టి, ముద్ద చిక్కబడి, ముక్క నిటారుగా నిలబడుతుంది. అప్పుడు కోసి చూడండి: చుట్టూ ముదురు గోధుమరంగు కేకు, మధ్యలో నల్లగా నిగనిగలాడే ముద్ద, అక్కడక్కడ గుమ్మడి గింజల పచ్చటి పలుకు.

వాల్‌నట్ల రుచి దీనికి వస్తుందా అంటే రాదు. వాల్‌నట్లలో ఒక సన్నని చేదు ఉంటుంది, అది పోతుంది. దాని బదులు వేగిన ఓట్స్ కమ్మదనం వస్తుంది. చాక్లెట్‌కు అది బాగా నప్పుతుంది. నన్నడిగితే ఇదే మేలైన కేకు, ఎందుకంటే నట్స్ పడని పిల్లలు కూడా అందరితోపాటు దీన్ని తినగలరు.

కాబట్టి ఈసారి నలుగురిని పిలిచినప్పుడు ముందే ఫోను చేసి, "మీ పిల్లలకు ఏదైనా పడదా?" అని ఒక్క మాట అడగండి. కేకు పక్కన ఏమేమి వేశారో చిన్న చీటీ రాసి పెట్టండి, ప్యాకెట్లు కూడా పారేయకుండా దాచి ఉంచండి. ఆ తల్లి ఆ చీటీ, ఆ ప్యాకెట్లు చూసుకుని, ధైర్యంగా ముక్క కోసి తన పిల్లవాడి ప్లేటులో పెట్టగలగాలి.