అక్క నాడి

4 ఫిబ్రవరి 2024, ఆదివారం, సరూర్‌నగర్

అక్కకు బీపీ చూద్దామంటే మిషన్ మళ్లీ మళ్లీ ఎర్రర్ చూపించింది. నర్సు ఉద్యోగం నాటి అలవాటు కదా, మిషన్ పక్కనబెట్టి మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించాను. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఎడం, మళ్లీ గబగబా మూడు. నిమిషమంతా పట్టి చూసినా ఒక వరస లేదు.

"మెట్లెక్కితే జర దడొస్తది, గంతనే చెల్లె" అంది. వయసు 52.

6 ఫిబ్రవరి, మంగళవారం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఈసీజీ తీయించాం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు సరిగా ముడుచుకోక అదురుతూ ఉంటాయి. అక్కడ నెత్తురు నిలిచి, గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. 1948లో అమెరికాలో మొదలైన ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు సుమారు 5 రెట్లని తేల్చింది.

పైబడే వయసు, బీపీ, షుగర్, ఊబకాయం, మందు, సిగరెట్, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగే గురక: లయ తప్పించేవి ఇవేనని చదువుకున్నాం. అక్కకు వీటిలో ఒక్కటీ లేదు. ఎకోలో బయటపడింది, మైట్రల్ కవాటం ఇరుకైంది. చిన్నప్పుడు గొంతునొప్పి తగ్గాక మోకాళ్లు వాచి, జ్వరంతో మంచం పట్టిందని అమ్మ చెప్పేది. అది రుమాటిక్ జ్వరం, కవాటాన్ని పాడుచేసింది అదే.

8 ఫిబ్రవరి, గురువారం

రక్తం పలచబడే మాత్ర మొదలైంది. ఇలాంటి కవాటం ఉన్నవాళ్లకు కొత్త మందుల కన్నా వార్ఫరిన్ జాతి పాత మందులే మేలని 2022లో ఇన్‌విక్టస్ అధ్యయనం చూపింది. నెత్తురు గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్ఆర్ 2, 3 మధ్య ఉండాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుంది; అయినా ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే పాటి తినాలి. ఒకనాడు గిన్నెడు పాలకూర, వారమంతా ఏమీ లేకుండా అంటే కుదరదు.

11 ఫిబ్రవరి, ఆదివారం

మన దేశంలో 24 కేంద్రాల నుంచి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న 1,537 మంది రోగులను నమోదు చేసిన రిజిస్ట్రీ చదివాను. సగటు వయసు 54.7. దాదాపు సగం మందికి రుమాటిక్ కవాట జబ్బే. అంటే మన దగ్గర ఈ ముప్పు పెద్దవాళ్ల బీపీ దగ్గరే కాదు, ఇరుకిళ్లలో పిల్లల గొంతునొప్పి దగ్గర కూడా మొదలవుతోంది. వేళకు పెన్సిలిన్ పడితే ఆగేది ఇది!

కింది వాటాలో బాబుకు గొంతునొప్పి, జ్వరం. వాళ్లమ్మను ఈ పూటే డాక్టరు దగ్గరికి పంపాను. రేపు బస్తీ దవాఖానలో సిస్టర్‌ను అడగాలి, బీపీ చూసే ప్రతి ఒక్కరి నాడీ ఓ నిమిషం పట్టి చూడమని.