మా అమ్మమ్మ బొంత

గత వేసవి సెలవులలో నేనొక తప్పు చేసితిని. దానిని మన పాఠశాల సంచికలో వ్రాయుటకు మొదట సంకోచించితిని గాని, నావలె తొందరపడువారి కుపకరించునేమో యని వ్రాయుచున్నాను.

మా యూరికి స్టీలుసామానులవాడు గంపతో వచ్చి, పాతబట్టలు తీసికొని గిన్నెలిచ్చుట కలదు. హాస్టలునకు తీసికొనిపోవుటకు నాకొక మూతగల డబ్బా కావలసి యుండెను. ఇంట పెద్దవారెవ్వరును లేని సమయమున, అటకపై మూటగట్టియున్న అమ్మమ్మ పాత నూలుచీరలను దించి అతని ముందు పెట్టితిని. అతడు వానిని వెలుతురునకు పట్టి చూచి, "ఇవి చివికిపోయినవమ్మా" యని పెదవి విరిచి, కడకొక చిన్న డబ్బా యిచ్చి పోయెను. పనికిమాలిన గుడ్డలకు పనికివచ్చు పాత్ర దొరకినదని నేను మిగుల సంతసించితిని.

సాయంకాలము అమ్మమ్మ అటక చూచి కొంతసేపు మాటాడలేదు. ఆ మాసమందే మా యక్క పురిటికి రానుండెను. పుట్టబోవు బిడ్డకు పొత్తిగుడ్డలకును బొంతలకును ఆమె యేరి దాచిన చీరలవి! "కొత్తది కొనవచ్చును గదా" యంటిని. "పసిబిడ్డ యొంటికి కొత్తబట్ట గరుకు, తల్లీ" యని మాత్రమే యనెను.

మరునాడామె తాను కప్పుకొను బొంతను తెచ్చి కుట్లు విప్పసాగెను. లోపలి పొరలో మా తాతగారి పంచె యుండెను. ఆయన పోయిన పిమ్మట దానినందు వేసి కుట్టుకొన్నదని నాకప్పుడే తెలిసినది. "వద్దమ్మమ్మా" యని యేడ్చితిని. "నీ కండ్లు మంచివి. సూదిలో దారమెక్కించు" మనెను.

ఆ దినములలో ఆమె ప్రక్క గూర్చుండి నేను కొంత నేర్చుకొంటిని. గట్టిగుడ్డ అడుగునను, చిరుగులది నడుమను, మెత్తనిది పైనను పరువవలెను. పెక్కుసారులుదికిన నూలుబట్ట బిరుసు విడిచి, తడిని చక్కగా పీల్చును. పొరల నడుమ నిలిచిన గాలి వెచ్చదనమును పోనీయదు. వరుసలుగా దగ్గరదగ్గర వేసిన కుట్లు చివికిన గుడ్డలను ఒకదానితో నొకటి పట్టియుంచి చిరుగు పెరుగనీయవు. పాలియెస్టరు చీరలు చిరకాలము మన్నినను నూలువలె తడిని పీల్చవు గనుక, అమ్మమ్మ వానిని పిల్లల బొంతలలో వేయదు. బొంతయు పాడైనచో మసిగుడ్డ యగును.

ఇది మా యింటి విద్య మాత్రమే కాదు. వంగదేశపు స్త్రీలును పాతచీరలను పొరలుగా కుట్టి కాంథాలు చేయుదురు. పానిపట్టులోని కర్మాగారములు పాత ఉన్నిబట్టలను చీల్చి, ఆ పీచును మరల దారముగా వడికి కంబళ్లు నేయుచున్నవి. మా సామానులవాడును నిరర్థకమైన పని చేయుట లేదు. అట్టివారు సేకరించిన బట్టలు బాగుచేయబడి సంతలలో మరల నమ్ముడుపోవును. తప్పు బేరములో లేదు. ఆ బట్టలు ఎవరివో, ఎందుకు దాచిరో అడుగక, పనికిరానివని నేనే తీర్పు చెప్పుటలో నున్నది.

మా యక్కకు కుమారుడు కలిగెను. తాతగారి పంచె అన్నిటికంటె మెత్తనిది గావున, అమ్మమ్మ దానినే వాని బొంతకు పైపొరగా వేసెను. తాతగారు చూడని మునిమనుమడు ఆ పంచెపై నిద్రించుచున్నాడు.

ఆ డబ్బా యిప్పుడు నా పెట్టెలో నున్నది. మూత తీసినప్పుడెల్ల అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చును. చలికాలము వచ్చుచున్నది, ఆమెకు బొంత లేదు. అమ్మను, పిన్నిని, అత్తయ్యను అడిగి నాలుగు పాతచీరలు సంపాదించితిని. సంక్రాంతి సెలవులలో కుట్టవలెను. నా కుట్లు ఇంకను వంకరగనే వచ్చుచున్నవి. అయినను ఆమె కప్పుకొనునని నమ్ముచున్నాను.