మిగిలిన చూపుకు పని

ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి అనగానే మనకు ఆపరేషన్లే గుర్తొస్తాయి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఆ సంస్థకు నేను వెళ్లింది మాత్రం లో విజన్ విభాగం చూడటానికి. వైద్యం చేయగలిగిందంతా చేశాక, మిగిలిన కొద్దిపాటి చూపుతో పనులు ఎలా చేసుకోవాలో నేర్పేది అక్కడే.

డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. శుక్లాలైతే ఆపరేషన్ చేసి లెన్సు పెడతారు, చూపు వస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఆమెకు మాత్రం వయసుతో దెబ్బతిన్నది మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం. ఆ జబ్బులో తడి రకానికి కంట్లో ఇంజెక్షన్లు ఇస్తారు. ఆలస్యమైతే మచ్చ ఉండిపోతుంది. ఆమె విషయంలో అదే జరిగింది.

"ఇంట్లో మీకు ఏ పని ఆగిపోయిందమ్మా?" అని అడిగింది ఆప్టోమెట్రిస్టు అమ్మాయి.

"మనిషి ఎదురుంగ నిలబడ్డా మొకం కనబడది బిడ్డా, చెప్పులు కనబడతయి. గోలీల చీటీ చదవరాదు. కోడలు నన్ను వంటింట్లకు రానియ్యది."

సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూడమంది ఆ అమ్మాయి. మధ్యలో మచ్చ ఉన్నా, అంచుల్లో రెటీనా బాగానే ఉంది. తర్వాత దీపమున్న స్టాండు భూతద్దాన్ని చీటీ మీద పెట్టింది. స్టాండు కాగితం మీదే ఆనుకుని ఉంటుంది కాబట్టి చెయ్యి వణికినా అక్షరం చెదరదు. పెద్దావిడ దాన్ని మెల్లగా జరుపుతూ "పొద్దుగాల ఒకటి" అని కూడబలుక్కుంది.

కొడుకు గొంతు తగ్గించి, గోడ పక్కన లేని పిల్లలు ఉన్నారని తల్లి అంటోందని, మతి తప్పుతోందేమోనని భయంగా చెప్పాడు. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి మెదడే అలాంటి బొమ్మలు చూపిస్తుందని, దాన్ని చార్లెస్ బొనే సిండ్రోమ్ అంటారని, అది పిచ్చి కాదని, డాక్టరుకు మాత్రం తప్పక చెప్పాలని ఆ అమ్మాయి వివరించింది. తల్లీకొడుకులిద్దరి ముఖాలూ తేటపడ్డాయి.

ఇంటికి చెప్పి పంపిన మార్పులు పెద్దగా ఖర్చులేనివే: తెల్లన్నానికి ముదురురంగు కంచం, మెట్ల అంచుకు పసుపు పట్టీ, పనిచేసే చేతుల మీద పడేలా లైటు. వస్తువులు ఎక్కడివక్కడే ఉండాలి.

కోడలు వంటింట్లోకి వద్దనేది అత్తకు చెయ్యి కాలుతుందనే భయంతోనే. కానీ చూపుతోపాటు పనినీ లాగేసుకుంటే పెద్దవాళ్లు మంచానికే పరిమితమైపోతారు. ఆపరేషన్‌తో ఇక లాభం లేదని డాక్టరు అన్నరోజే, లో విజన్ విభాగం ఎక్కడుందో అడగండి. పెద్దవాళ్లతోపాటు వంటింటి బాధ్యత చూసేవాళ్లనూ తీసుకెళ్లండి.