ఇద్దఱు కొడుకుల కథ

వీడియో గేమన్న మాట వినగానే మన యిండ్లలో తల్లులు మొగము చిట్లింతురు. తుపాకులు, అరపులు తప్ప వానియందేమున్నవని వారి యభిప్రాయము. అట్టివి లేకపోలేదు. కాని తల్లులు తామే యొకసారి చూడదగిన యాట యొకటి కలదు. దాని పేరు 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్'. 2013వ సంవత్సరమున స్వీడను దేశపు స్టార్‌బ్రీజ్ సంస్థవారు దీనిని నిర్మించిరి. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ లెబనానులో పుట్టి, బాల్యముననే స్వీడను చేరి, చలనచిత్రములు తీసినవాడు. 2024లో ఈ యాట నూతనరూపమున మరల వెలువడినది.

కథ చిన్నది. తల్లి నీట మునిగి మరణించినది, తండ్రి రోగగ్రస్తుడు. జీవజలము తెచ్చిన గాని బ్రదుకడు. అన్నదమ్ములిద్దఱును దానికై పయనమగుదురు. ఆడువారు మాత్ర మొక్కరే. చేతిలోని కంట్రోలరునకు రెండు మీటలుండును. ఎడమది అన్నను, కుడిది తమ్ముని నడుపును. తండ్రిని తోపుడుబండిపై వైద్యునియింటికి చేర్చుటయే మొదటి చిక్కు. బరువైన పని అన్నది. సన్నని సందులలో దూరుట తమ్మునిది. ఒకరు లేనిదే యొకరికి దారి లేదు. తమ్మునికి నీరన్న భయము. లోతునీరు దాటునపుడు అన్నవీపు పట్టుకొనును. పాత్రలు పలుకునది కల్పితభాష గావున ఆంగ్లము రాని యవ్వయు మనుమలతో సమానముగ కథను గ్రహింపగలదు.

సోదరులు, నీరు, చిక్కుప్రశ్న అనగానే యక్షప్రశ్నలు తలపునకు రాకమానవు. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వశేషమున, నలుగురు తమ్ములు కొలనిగట్టున పడియుండగా, ఒక్కనిని బ్రదికింతునన్న యక్షుని ధర్మరాజు భీమార్జునులనడుగక నకులుని గోరెను. కుంతికి తానున్నాడు; మాద్రికిని ఒక కొడుకు మిగులవలెనని యాతని తలపు. తోబుట్టువుల ధర్మమనగా పాలు సమముగ పంచుటయే.

ఈ ధర్మమునకు మనయిండ్లలో పరీక్ష తల్లిదండ్రులు మంచము పట్టినపుడు కలుగును. మా మామగారు రేపల్లెలో జబ్బుపడిన యేడు మా వారికి తెనాలిలో బడి. మా మఱదిగారు బాపట్లనుండి తెనాలివఱకు వచ్చి, బండి మాఱి రేపల్లె చేరవలయును. ఊరిలోనే కాపురమున్న మా యాడుబిడ్డ రాత్రింబవళ్లు ఒంటరిగ చాకిరి చేసెను. అన్నదమ్ములు ఫోనులో సలహాలిచ్చుచుండిరి. తుదకామెయే వంతులు కాగితముపై వ్రాసి యిద్దఱిచేతులకును ఇచ్చెను. నాటినుండి శనివారమొకరు, ఆదివారమొకరు తప్పక వచ్చి తండ్రికడ నుండిరి. ఆటపేరున కొడుకులే యున్నారు గాని, మనయింట బండి త్రోయునది తఱచుగ కూతురు.

ఆట తుదిని చెప్పకతప్పదు. జీవజలము దొరకును, అన్న మరణించును. ఇల్లు చేరుటకు తమ్ముడొంటరిగ నీట దిగవలసివచ్చును. అప్పుడు తమ్ముని బొత్తామెంత నొక్కినను కదలడు. అంతవఱకు అన్నకై వాడిన యెడమచేతి బొత్తామును నొక్కగా ఈదును. అన్న బలము తమ్మునిలో మిగిలినదని మాట లేకయే మన వ్రేలికి తెలియును.

ఇందు రక్తము, శవములు గల ఘట్టములున్నవి గావున పసివారికి తగదు. ఎదిగిన పిల్లలతో తల్లియు కూర్చుండుట మేలు. మూడునాలుగు గంటలలో ముగియును. నూతనరూపమున ఇద్దఱును చెఱొకరిని నడుపుచు ఆడవచ్చును. సోదరీమణులారా, అపుడు కూతునకు తమ్ముని పాత్ర నిచ్చి, వీపున మోయు అన్నపాత్రను కొడుకున కప్పగింపుడు. ఇంటి బరువులో తనకును పాలు గలదని వాడు చిన్ననాడే యెఱుగును.